మెయిన్ ఆపినా ఆగని మీటరు: సోలార్‌కు తొందరపడకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో సొంతిల్లు. పైన మేముంటాం, కింది వాటా అద్దెకిచ్చాం. మీటర్లు వేర్వేరు. నెలకు 170 యూనిట్ల దగ్గరుండే మా వాడకం ఇన్వర్టర్ పెట్టించినప్పటి నుంచి 290కి చేరింది. మెయిన్ స్విచ్ ఆపినా మీటరు మీద ఎర్ర లైటు మిణుకుమంటూనే ఉంది. ‘ఎర్త్’ అని రాసిన లైటూ వెలుగుతోంది. బిల్లు కట్టడం ఆపి ఫిర్యాదు చేయాలా? అత్యవసర నిధిలోంచి లక్షన్నర తీసి సోలార్ పెట్టించుకోవడం మేలా?

జవాబు: ఆ లక్షన్నరను ప్రస్తుతానికి ముట్టుకోకండి. మీరు వాడని కరెంటు మీ లెక్కలో పడుతున్నట్టుంది. దాన్ని బట్టి ప్యానెళ్లు కొంటే అవసరానికి మించి ఖర్చు చేసినట్టే.

మీ భారం యూనిట్లకంటే వేగంగా పెరగడానికి కారణం శ్లాబు, అంటే వాడకం హద్దు దాటితే మారే రేటు. తెలంగాణలో నెల వాడకం 100 దాటి 200 లోపుంటే తొలి 100 యూనిట్లకు యూనిట్‌కు రూ.3.40, తర్వాతి వందకు రూ.4.80. అంటే 170కి రూ.676. 200 దాటితే మొదటి యూనిట్ నుంచి 200 దాకా రూ.5.10, ఆపైన 300 దాకా రూ.7.70. 290కి రూ.1,713 అవుతుంది. ఇతర ఛార్జీలు అదనం. కాబట్టి తప్పు ఎక్కడుందో కనిపెట్టడం ఏ పొదుపు పథకంకన్నా ముందు చేయాల్సిన పని.

ఎర్త్ లైటు వెలుగుతోందంటే మీటరు నుంచి ఫేజు తీగలో వెళ్లిన కరెంటూ, న్యూట్రల్ తీగలో తిరిగొచ్చే కరెంటూ సమానంగా లేవన్నమాట. చౌర్యాన్ని పట్టుకోవడానికి మన మీటర్లు ఆ రెంటిలో ఎక్కువ ఉన్నదాన్నే లెక్కిస్తాయి. ఇన్వర్టర్ బిగించేటప్పుడు కింది వాటా న్యూట్రల్ మీ న్యూట్రల్‌తో కలిసిపోయి ఉంటే, వాళ్ల ఫ్యాన్లు, ఫ్రిజ్ వాడకం మీ మీటరులోనూ పడుతుంది. వాళ్లు దొంగతనం చేస్తున్నట్టు కాదు, దయచేసి ఆ మాట అనకండి. వాళ్ల మీటరూ తిరుగుతూనే ఉంటుంది.

మీ మెయిన్ ఆపి, కింది వాళ్లనూ కాసేపు ఆపమనండి. అప్పుడు ఎర్ర లైటు ఆగితే వైరింగే కారణం. రెండూ ఆపినా చాలాసేపు మిణుకుమంటే మీటరునో, మెయిన్‌కు ముందున్న తీగనో అనుమానించాలి. ఇంకో పరీక్ష ఉంది. మీటరు మీద యూనిట్‌కు 3200 ఇంపల్స్ (అంటే ఎర్ర లైటు మిణుకులు) అని రాసి ఉంటే, మిగతావన్నీ ఆపి 1000 వాట్ల హీటర్ రాడ్డు ఒక్కటే బకెట్ నీళ్లలో వేసి నడపండి. నిమిషానికి సుమారు 53 సార్లు లైటు వెలగాలి. వోల్టేజీని బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది. సీలు మాత్రం ఎవరినీ తాకనివ్వకండి. దాన్ని తెంపితే చౌర్యం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

వైరింగ్ తప్పయితే ఎలక్ట్రీషియన్ ఖర్చు మీదే, కట్టిన డబ్బు తిరిగి రావడం కష్టం. అందుకే ఆలస్యం చేయకండి. మీటరుదే తప్పనిపిస్తే విద్యుత్ సంస్థ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదిచ్చి రసీదు తీసుకోండి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ప్రకారం సంస్థ 5 రోజుల్లో అదనపు మీటరు బిగించి, కనీసం 3 నెలలు పోల్చి చూడాలి. స్పందన లేకపోతే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, ఆపై విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.

బిల్లు మాత్రం ఆపకండి. బకాయిపై నోటీసిచ్చి 15 రోజులు గడిస్తే సరఫరా తీసేసే అధికారం సంస్థకుంది. అయితే విద్యుత్ చట్టం–2003లోని 56వ సెక్షనే మీకో ఆసరా ఇచ్చింది. అభ్యంతరం తెలుపుతూ, అడిగిన మొత్తం, గత ఆరు నెలల సగటు, వీటిలో తక్కువైనది కడితే వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదు. అభ్యంతరం లేఖ నకలు దాచుకోండి.

సరిచేయించాక రెండు బిల్లులు రానివ్వండి. అప్పటికీ 200 దాటుతుంటే సోలార్ ఆలోచించవచ్చు. కేంద్ర ప్రభుత్వ ఇంటి సోలార్ పథకం పీఎం సూర్యఘర్ కింద 3 కిలోవాట్లకు రూ.78,000 రాయితీ ఉంది. అది ప్యానెళ్లు పనిచేయడం మొదలయ్యాకే ఖాతాలో పడుతుంది కనుక, ముందుగా పెట్టాల్సిన డబ్బును అత్యవసర నిధిలోంచి తీయక ఈలోపు రికరింగ్ డిపాజిట్‌లో విడిగా కూడబెట్టండి.