పాత రివాల్వర్ల ప్లాస్టిక్ పిడులు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా అమెరికాలోని ఒహాయోలో స్థిరపడ్డాం. ఇక్కడి తుపాకుల ప్రదర్శనలో 1950ల నాటి స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్ ఒకటి కొన్నాను. దాని పిడికి ఇరువైపులా ఉన్న పలకలు ముత్యపు చిప్పలా మెరుస్తున్నాయి. అమ్మినవారు అసలైన ముత్యపు చిప్ప అన్నారు, నా మిత్రులు మాత్రం ప్లాస్టిక్ అంటున్నారు. తేల్చుకోవడం ఎలా? ప్లాస్టికే అయితే తీసేసి చెక్క పిడి వేయించమంటారా?

జవాబు: ముందుగా సిలిండర్ (తూటాలు ఉండే తిరిగే భాగం) తెరిచి, అన్ని గదులూ ఖాళీగా ఉన్నాయని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. ఆ తరువాత పిడి స్క్రూను రెండు మూడు చుట్లు మాత్రమే వదులు చేసి, స్క్రూడ్రైవర్ వెనుక భాగంతో దాని తలపై మెల్లగా తడితే అవతలి పలక దానంతట అదే పైకి లేస్తుంది. గోరుతో గానీ కత్తి మొనతో గానీ అంచు పట్టి పెకలించకూడదు, ఎందుకంటే పాత ప్లాస్టిక్ ఎక్కువగా విరిగేది అక్కడే.

పలక చేతికి వచ్చాక లోపలి వైపు చూడండి. బయటి మెరుపు ఎవరినైనా మోసం చేయగలదు గానీ లోపలి ముఖం అంత సులభంగా అబద్ధమాడదు. అసలు ముత్యపు చిప్పను కోసి అరగదీసి చేస్తారు కాబట్టి లోపలి వైపు చదునుగా, రాతిలా గట్టిగా ఉంటుంది. చెంపకు ఆనిస్తే చల్లగా తగులుతుంది, ఆ చల్లదనం త్వరగా పోదు. అచ్చులో పోసిన ప్లాస్టిక్‌కు లోపల గుంటలు, బలం కోసం పోసిన అడ్డుగట్లు, అచ్చు రెండు సగాలూ కలిసిన చోట సన్నని గీత కనిపిస్తాయి. కొన్నింటిపై తయారీదారు పేరు, అది ఏ తుపాకీకి సరిపోతుందో తెలిపే గుర్తు కూడా ఉంటాయి.

మీరు వర్ణించిన దానిని బట్టి అది షికాగోలోని స్పోర్ట్స్ ఇన్‌కార్పొరేటెడ్ సంస్థ అమ్మిన ఫ్రాంజైట్ అనే ప్లాస్టిక్ పిడి అయ్యే అవకాశం ఎక్కువ. ముత్యపు చిప్ప, ఏనుగు దంతం, దుప్పి కొమ్ము, వాల్‌నట్ చెక్క, ఓనిక్స్ రాయి వంటి రూపాలలో, కోల్ట్, స్మిత్ అండ్ వెసన్ రివాల్వర్లకే కాక జర్మన్ లూగర్, మౌజర్ పిస్తోళ్లకు కూడా వారు పిడులు చేశారు. విరగనివి అని ప్రకటనల్లో చెప్పుకునేవారు గానీ, స్క్రూను అతిగా బిగించినందువల్ల మధ్యలో చీలిన ఫ్రాంజైట్ పలకలు ఈ నాటికీ అమ్మకానికి వస్తూనే ఉంటాయి. అందువల్ల మీ పలకలను తిరిగి అమర్చేటప్పుడు స్క్రూ ఆగిన చోటే ఆపండి.

చెక్క పిడి వేయించుకోవడం మీ ఇష్టం, కానీ ఈ పలకలను మాత్రం పారవేయవద్దని గట్టిగా కోరుతున్నాను. నిజమైన దంతమో ముత్యపు చిప్పో కొనగల స్తోమత లేని సాధారణ ఉద్యోగులు, దుకాణదారులు, రైతులు తమ తుపాకీకి కొంత అందం రావాలని పోస్టులో తెప్పించుకున్న వస్తువులివి. ఆ కాలపు మనుషుల అభిరుచి కర్మాగారం బిగించి పంపిన పిడిలో కన్నా వీటిలోనే స్పష్టంగా కనిపిస్తుందని నా నమ్మకం. దుప్పి కొమ్ము రూపంలో చేసిన వాటికి మన దేశంతో కూడా సంబంధం ఉంది. అమెరికాలో పిడులకు అత్యంత మేలైనదిగా పేరుపొందిన కొమ్ము మన అడవుల్లోని కణుజుదే, అంటే సాంబర్ దుప్పిది. 1990ల చివరలో భారతదేశం ఆ కొమ్ముల ఎగుమతిని ఆపివేసింది. ప్లాస్టిక్ నకలులో కొమ్ము గరుకుదనమంతా అచ్చులోనిదే కాబట్టి, ఒకే నమూనా పిడులు రెండింటిని పక్కపక్కన పెడితే గాడి గాడికీ సరిపోతాయి. నిజమైన కొమ్ములో అలాంటి జంట దొరకదు.

విడి పిడులు కూడా సేకరించాలనుకుంటే ముందు ఫ్రేమ్ (తుపాకీ ప్రధాన చట్రం) పరిమాణాలు తెలుసుకోండి. స్మిత్ అండ్ వెసన్‌లో జె చిన్నది, కె మధ్యస్థం, ఎన్ పెద్దది; వీటిలో మళ్లీ పిడి అడుగు గుండ్రంగా ఉన్నవీ, చతురస్రంగా ఉన్నవీ వేరు. కోల్ట్ డిటెక్టివ్ స్పెషల్ పిడి భాగాన్ని 1966లో పొట్టి చేశారు కాబట్టి అంతకు ముందరి పలకలు తరువాతి తుపాకీపై పొడుగై నిలుస్తాయి. సరిపోని పలకను ఆకురాయితో అరగదీసి ఇరికించినవారు చాలామంది ఉన్నారు. అలా అరగదీసిన జత ఏ తుపాకీకీ చెందకుండా పోతుంది.

ప్రశ్న: మా దగ్గర ఉన్న పాత ఐవర్ జాన్సన్ రివాల్వర్ పిడి మీద గుడ్లగూబ తల ఉంది. నల్లగా ఉండవలసిన పిడి ఒకవైపు గోధుమ రంగుకు మారింది. నీళ్లలో నానబెట్టి కడిగితే పోతుందా?

జవాబు: దయచేసి నానబెట్టకండి. అది ప్లాస్టిక్ కన్నా ముందరి పదార్థమైన గట్టి రబ్బరు. రబ్బరులో గంధకాన్ని దాదాపు మూడో వంతు వరకు కలిపి ఉడికిస్తే కొమ్ములా గట్టిపడుతుంది. నెల్సన్ గుడ్‌ఇయర్ దీనికి 1851లో పేటెంట్ పొందాడు. కోల్ట్ సంస్థ తన సింగిల్ యాక్షన్ ఆర్మీ రివాల్వర్లకు 1880లలో గద్ద బొమ్మతో వేసిన నల్ల పిడులు కూడా ఈ జాతివే. వెలుతురు, తేమ తగిలే కొద్దీ పైపొరలోని గంధకం గాలితో కలిసి ఆమ్లంగా మారుతుంది, నలుపు గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒకవైపే రంగు మారిందంటే ఆ వైపు ఏళ్ల తరబడి కిటికీ వెలుతురుకు ఎదురుగా ఉన్నదని అర్థం. వేడి నీరు ఈ మార్పును ఇంకా పెంచుతుంది. పొడి మెత్తని గుడ్డతో తుడిచి, చీకటి అరలో ఉంచితే చాలు. బూటు పాలిష్‌తో నల్లబరిచి అమ్మేవారున్నారు. గాడుల అడుగున పేరుకున్న జిగటను బట్టి ఆ సంగతి కనిపెట్టవచ్చు.

ప్రశ్న: దంతం రంగు పిడి పలకలు నాలుగు జతలను మూత బిగించిన డబ్బాలో దాచాను. ఈ మధ్య తెరిచి చూస్తే స్క్రూలు తుప్పుపట్టాయి, ఇత్తడి బిళ్లలు పచ్చబడ్డాయి, డబ్బాలో ఘాటైన వాసన వస్తోంది.

జవాబు: ఇది అత్యవసరంగా చూడవలసిన విషయం. వాటిలో కనీసం ఒక జత సెల్యులాయిడ్‌ది అయి ఉండాలి. దంతపు బిలియర్డ్ బంతులకు ప్రత్యామ్నాయం వెతుకుతూ జాన్ వెస్లీ హయట్ 1870 ప్రాంతంలో రూపొందించిన ఈ పదార్థం నైట్రేట్ చేసిన సెల్యులోజ్, కర్పూరాల కలయిక. మంచి స్థితిలో ఉన్న పలకను బొటనవేలితో వెచ్చబడేదాకా రుద్దితే పూజగదిలో మనమెరిగిన ఆ కర్పూరపు వాసనే వస్తుంది. పాడవుతున్నప్పుడు మాత్రం నైట్రిక్ ఆమ్లపు ఆవిరి వదులుతుంది. అది మూసిన డబ్బాలో నిలిచి తక్కిన జతలనూ, లోహాన్నీ తినేస్తుంది. వాటిని వెంటనే బయటకు తీసి, చీలికలు గానీ చెమ్మగా మారిన మచ్చలు గానీ ఉన్న జతను వేరు చేయండి. మిగిలినవాటిని ఆమ్లం లేని కాగితంలో చుట్టి, గాలి ఆడే చల్లని చోట విడివిడిగా ఉంచండి. పాడైన సెల్యులాయిడ్‌ను రివాల్వర్‌కు బిగించి పెట్టె లోపల ఉంచితే తుప్పు పట్టకుండా ఫ్రేమ్ మీద వేసిన నీలిపూత కింద గుంటలు పడతాయి.

ఏ ప్లాస్టికో తెలుసుకోవడానికి సూదిని ఎర్రగా కాల్చి గుచ్చి చూడమని కొందరు సలహా ఇస్తారు. సెల్యులాయిడ్ భగ్గున అంటుకునే పదార్థం కాబట్టి ఆ పరీక్ష ఎన్నడూ చేయకూడదు. అసిటోన్ వంటి ద్రావకాలు కూడా దానిని కరిగిస్తాయి.

ప్రశ్న: మాది విజయవాడ. టెక్సస్‌లో ఉన్న మా అబ్బాయి పిడి పలకలు మాత్రమే, తుపాకీ లేకుండా, తీసుకువస్తానంటున్నాడు. ఇబ్బంది ఉంటుందా?

జవాబు: అమెరికాలో విడి పిడి పలకలను మామూలు వస్తువుల్లాగే కొంటారు, అమ్ముతారు. మన 1959 ఆయుధాల చట్టం మాత్రం తుపాకీ అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో తుపాకీ విడిభాగాలను కూడా చేర్చింది. కాబట్టి పలకల ఫొటోలతో సహా మీ జిల్లా లైసెన్సింగ్ అధికారికీ, కస్టమ్స్ శాఖకూ ముందే రాసి, వారి జవాబు లిఖితపూర్వకంగా చేతికి వచ్చిన తరువాతనే సామానులో పెట్టమని మీ అబ్బాయికి చెప్పండి. అవి దంతానివి కావు, ప్లాస్టిక్‌వి అని తెలిపే కొనుగోలు రసీదు కూడా వెంట ఉంచుకోమనండి, ఎందుకంటే దంతం విషయంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం ఇంకా కఠినంగా ఉంటుంది.