పాఠకుల ప్రశ్నలు: బొమ్మను చూడనిచ్చే ఆటలు

ప్రశ్న: మా గ్యాలరీలో 24 చేర్యాల పటాలు (కథలను బొమ్మలుగా వేసిన గుడ్డ చుట్టలు) ఉన్నాయి. బడి పిల్లల కోసం ప్రతి పటం పక్కనా క్యూఆర్ కోడ్ పెట్టి క్విజ్ తయారు చేశాం. పిల్లలు ఫోన్లకే అతుక్కుపోతున్నారు, పటాల వంక చూడటం లేదు. ఏం మార్చాలి?
– ఒక గ్యాలరీ నిర్వాహకురాలు, సిద్దిపేట

జవాబు: ముందు ప్రశ్నలను పరీక్షించండి. పటం మీద గుడ్డ కప్పి క్విజ్ ఆడి చూడండి. గుడ్డ తీయకుండానే జవాబు చెప్పగలిగిన ప్రశ్న ఏదున్నా కొట్టేయండి. ‘ఈ కళ ఏ ఊరిది?’, ‘ఏ గుడ్డ మీద వేస్తారు?’ లాంటివన్నీ లేబుల్ చదివితే తేలిపోతాయి. దగ్గరి దారి ఉండగా పిల్లలు చుట్టుదారి ఎందుకు పడతారు?

చేర్యాల పటంలో కథ గళ్లు గళ్లుగా సాగుతుంది. ఒకే కథానాయకుడు గడి గడికీ మళ్లీ వస్తాడు. అందుకని ఇలా అడగండి: ‘ఈ మనిషి పటం మొత్తంలో ఎన్నిసార్లు కనిపించాడు? అతనే అని దేన్నిబట్టి గుర్తుపట్టారు?’ మీసమా, తలపాగానా, ఒంటి రంగా అని పిల్లలు వాదించుకుంటే ఆట పండినట్టే. ఇంకోటి, పటంలోంచి అరచేయంత భాగాన్ని ఫొటో తీసి, ఎక్కడుందో వెతకమనండి. దీనికి ఫోను కూడా అక్కర్లేదు, అట్టముక్క మీద ముద్రిస్తే చాలు.

24 పటాలకూ ఆట వద్దు, 5 చాలు. నలుగురికి ఒకే ఫోను ఇవ్వండి. ఒకరు చదవాలి, ముగ్గురు చూడాలి. టైమర్ తీసేయండి. వేగానికి మార్కులిస్తే పిల్లలు పరుగెడతారు, పాత గుడ్డ పటాల మధ్య ఆ పరుగులు ప్రమాదం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒకే కొయ్య దుంగకు ఒక వైపు జర్మన్ కథ ‘ఫౌస్ట్’లోని దయ్యం మెఫిస్టోఫిలిస్‌ను, రెండో వైపు అదే కథలోని అమ్మాయి మార్గరెటాను చెక్కిన శిల్పం ఉంది కదా. దాని వెనక ఒక అద్దం పెట్టారు, అంతే. చూసేవాళ్లు బొమ్మనూ అద్దాన్నీ మార్చి మార్చి పోల్చుకుంటారు. మీ ఆట చేయాల్సిన పనీ అదే.

ప్రశ్న: ఆ కోడ్‌లు కొన్ని ఫోన్లలో అసలు స్కాన్ కావడం లేదు. లైటు పెంచమంటారా?
– అదే పాఠకురాలు

జవాబు: పెంచకండి. గుడ్డ, కాగితం బొమ్మల మీద పడే వెలుతురును 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గరే ఆపడం మ్యూజియాల పద్ధతి. మించితే రంగులు వెలిసిపోతాయి. ఆ మసకలో చవక ఫోను కెమెరా తడబడుతుంది. కోడ్‌నే పటం పక్కనుంచి తీసి, మీటరున్నర దూరంలో, కాస్త వెలుగున్న చోట స్టాండుకు పెట్టండి. ఎంత దూరం నుంచి స్కాన్ చేస్తారో అందులో పదో వంతు కోడ్ సైజు ఉండాలి: మీటరు దూరానికి 10 సెంటీమీటర్లు. కోడ్ చుట్టూ, అందులోని చిన్న చదరపు గళ్లు 4 పట్టేంత తెల్లటి అంచు వదలండి. లామినేషన్ వద్దు, దీపం కాంతి మెరిసి కోడ్ కనబడదు. మ్యాట్ కాగితం వాడండి. వెబ్ చిరునామా ఎంత పొట్టిగా ఉంటే గళ్లు అంత పెద్దవవుతాయి. బయటి కంపెనీ ఇచ్చే డైనమిక్ కోడ్‌లకు (ముందు ఆ కంపెనీ చిరునామాకు వెళ్లి, అక్కణ్నుంచి మీ పేజీకి మళ్లేవి) చందా ఆగితే కోడ్ కూడా ఆగుతుంది, కాబట్టి మీ సొంత చిరునామాకే కోడ్ చేయించుకోండి.

ప్రశ్న: అమెరికాలోని క్లీవ్‌లాండ్ మ్యూజియంలో శిల్పం భంగిమను అనుకరించే ఆట చూశాను. హన్మకొండలో మిత్రులు రామప్ప గుడి మదనికల (నాట్య భంగిమల్లోని స్త్రీ శిల్పాల) ఫొటో ప్రదర్శన పెడుతున్నారు. తక్కువ ఖర్చులో అలాంటిది కుదురుతుందా?
– ఒక పాఠకుడు, ఒహాయో

జవాబు: కుదురుతుంది. క్లీవ్‌లాండ్ వాళ్లు 2013లో గ్యాలరీ వన్ తెరిచినప్పుడు 40 అడుగుల టచ్ గోడతో పాటు ఆ ఆటనూ పెట్టారు. 2017లో ఆ గదిని మార్చి, తెరను తాకే పని తగ్గించి చేతి సైగలకు చోటిచ్చారు.

మీ మిత్రులకు ఒక ల్యాప్‌టాప్, వెబ్‌క్యామ్, టీవీ చాలు. ఉచితంగా దొరికే మీడియాపైప్ అనే సాఫ్ట్‌వేర్ కెమెరా బొమ్మలోంచి ఒంటి మీద 33 బిందువులను గుర్తిస్తుంది. ఆ బిందువుల స్థానాలను పోల్చకండి, కీళ్ల కోణాలను పోల్చండి: భుజం, మోచెయ్యి, మణికట్టు కలిసి చేసే కోణం. అప్పుడు పొడుగు, పొట్టి తేడా రాదు. పెద్దవాళ్లకు 15 డిగ్రీలు, పిల్లలకు 25 డిగ్రీల తేడా వరకు ఒప్పుకోండి.

ఇబ్బందులన్నీ ఆ తర్వాతే మొదలవుతాయి. నగలు, రాతి నీడల వల్ల శిల్పం ఫొటోలో సాఫ్ట్‌వేర్ చేతిని సరిగా పోల్చుకోదు. శిల్పం బిందువులను మౌస్‌తో మీరే గుర్తు పెట్టండి. ఎదురుగా తీసిన ఫొటోలే ఎంచుకోండి. పక్కనుంచి తీస్తే చెయ్యి కుదించుకుపోయి కోణం తప్పుతుంది. చీరలు, లుంగీలు మోకాళ్లను కప్పేస్తాయి కాబట్టి నడుము కింది కోణాలు వదిలేసి, భుజాల వాలు, చేతులు చూడండి. మదనిక ఒయ్యారమంతా ఆ భుజం వాలులో తెలుస్తుంది, దాన్ని మాత్రం తప్పకుండా లెక్కలోకి తీసుకోండి. శిల్పం ఎడమ చెయ్యి ఎత్తితే, ఎదురుగా నిలబడ్డవాళ్లు కుడి చెయ్యి ఎత్తుతారు; రెండింటినీ సరైనవిగానే లెక్కించండి. నిలబడే చోట కెమెరాకు 2.5 మీటర్ల దూరంలో నేల మీద పట్టీ అంటించండి, వెనక కిటికీ లేకుండా చూడండి. వీడియో దాచడం లేదని బోర్డు పెట్టండి, నిజంగానే దాచకండి.

మార్కు వెంటనే చూపించకుండా, ‘ఇంకోసారి శిల్పం చూడండి, ఎడమ భుజం ఇంకా వాలాలి’ అనే మాట తెర మీద వచ్చేలా చేయండి.

ప్రశ్న: ఆట పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ఆట పెట్టక ముందు 30 మందిని, పెట్టాక మరో 30 మందిని స్టాప్‌వాచ్‌తో గమనించండి. కళ్లు బొమ్మ మీద ఉన్న సెకన్లు ఒక గడిలో, తెర మీద ఉన్నవి ఇంకో గడిలో రాయండి. రెండో గడి మొదటిదాన్ని మించితే ప్రశ్నలు మార్చాలి. రెండుసార్లూ వారంలో అదే రోజు, అదే వేళ ఉండేలా చూసుకోండి. ఆదివారం వచ్చే కుటుంబాలను మంగళవారం వచ్చే బడి పిల్లలతో పోలిస్తే అంకెలు దారి తప్పిస్తాయి.