గాలివాటున మారే గంటలు

ప్రశ్న: కోడలి పురిటికి రమ్మని మా అబ్బాయి శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి టికెట్లు పంపాడు. బరంపురంలో రైలెక్కి భువనేశ్వర్‌కు, అక్కడి నుంచి విమానంలో ఢిల్లీకి చేరి, ఆ పెద్ద విమానం ఎక్కాలి. ఢిల్లీ నుంచి దూరం సుమారు 12,400 కి.మీ. అనీ, విమానం గంటకు 900 కి.మీ. పోతుందనీ అంటున్నారు. ఆ లెక్కన 14 గంటలలోపే చేరాలి. టికెట్టులో మాత్రం 16 గంటలని ఉంది. పైగా బయలుదేరిన తేదీనే దిగుతామట! ఏది నమ్మాలి?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా (ఒడిశా)

జవాబు: అమ్మా, మీ భాగహారం సరైనదే. అయితే 12,400 కి.మీ. అన్నది భూగోళం మీద ఆ రెండు నగరాల నడుమ ఉన్న అతి దగ్గర దారి మాత్రమే. గ్లోబు దొరికితే దారం ఒక కొసను ఢిల్లీ మీద అదిమి, రెండో కొసను శాన్‌ఫ్రాన్సిస్కో వరకు బిగించి చూడండి. ఆ దారం యూరప్ వైపు గాని జపాన్ వైపు గాని పోదు. దాదాపు ఉత్తరానికే సాగి, సైబీరియా దాటి, ఆర్కిటిక్ సముద్రం మీదుగా అలాస్కాకు దిగుతుంది.

విమానం సరిగ్గా ఆ దారం వెంటే పోవాలని లేదు. నేలకు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు జెట్ ప్రవాహాలనే బలమైన గాలులు వీస్తుంటాయి. చలికాలంలో వాటి వేగం ఒక్కొక్కప్పుడు గంటకు 300 కి.మీ. కూడా దాటుతుంది. 900 కి.మీ. అన్నది చుట్టూ ఉన్న గాలిలో విమానం వేగం కనుక, వెనుకగాలి అయితే దానికి కలపాలి, ఎదురుగాలి అయితే తీసివేయాలి. దీనికి మీ దారిలోనే గట్టి ఉదాహరణ ఉంది. ఢిల్లీ నుంచి అట్లాంటిక్ మీదుగా సుమారు 13,900 కి.మీ. ఎదురుగాలిలో నడిపిన శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తూర్పు దిక్కున, వెనుకగాలి దొరికే పసిఫిక్ మీదుగా మళ్లించింది. దూరం సుమారు 15,300 కి.మీ.కు పెరిగినా, ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లోనే ముగిసింది. అంటే సగటున గంటకు 1,050 కి.మీ. పైమాటే. దూరం చూసి కాలాన్ని నిర్ణయించకూడదని చెప్పడానికి ఇంతకంటె ఏం కావాలి?

ఏదైనా దేశం తన గగనతలాన్ని మూసినా చుట్టుదారి తప్పదు. 2025 ఏప్రిల్‌లో పాకిస్తాన్ భారతీయ విమానాలకు దారి మూసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయేవాటికి అదే జరిగింది. ఇక టికెట్టులోని కాలంలో విమానం రన్‌వే వరకు మెల్లగా నడిచే సమయం, దిగాక ఆగే చోటికి చేరే సమయం కూడా కలిసి ఉంటాయి. కాబట్టి టికెట్టునే నమ్మండి.

తేదీ విషయం సులువు. శాన్‌ఫ్రాన్సిస్కో గడియారం మనకంటె వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు వెనుక ఉంటుంది. వేసవిలో ఢిల్లీలో తెల్లవారుజామున 4కు బయలుదేరితే, పదహారు గంటలకు మనకు రాత్రి 8 అవుతుంది. అక్కడ అదే రోజు ఉదయం 7:30.

తిరుగు ప్రయాణంలో గాలీ దారీ మారతాయి, తేదీ కూడా ముందుకు జరుగుతుంది. ఢిల్లీలో ఇమిగ్రేషన్, సామాను, కస్టమ్స్ అన్నీ ముగించుకోవాలి గనుక, భువనేశ్వర్ విమానానికి కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచమని, వీలైతే రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద తీయమని అబ్బాయికి ఇప్పుడే చెప్పండి.