చీకటి పడ్డాక జార్జిటౌన్: ఘోస్ట్ వాక్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: చెన్నై జార్జిటౌన్‌లో రాత్రిపూట గైడుతో ఘోస్ట్ వాక్, అంటే దయ్యం కథలు వింటూ నడక, అని ప్రకటన చూశాం. ఇంటిల్లిపాదీ నలుగురం వెళ్దామనుకుంటున్నాం. డబ్బు కట్టే ముందు ఏమేం అడగాలి? ఎప్పుడు వెళ్తే బాగుంటుంది?
— ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ఆదివారం సాయంత్రం వెళ్లండి. మిగతా ఆరు రోజులూ ఆ వీధుల నిండా టోకు దుకాణాలు, తోపుడు బళ్లు, మూటలు దించే ఆటోలు. రాత్రి ఎనిమిదైనా గైడు మాట చెవిన పడదు. ఆదివారం లోపలి వీధుల్లో షట్టర్లు దించేసి ఉంటాయి. మన చెప్పుల చప్పుడు మనకే వినిపిస్తుంది. ఈ నడకకు సగం అందం ఆ నిశ్శబ్దమే.

నెలల్లో జనవరి నుంచి మార్చి వరకు మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వాన. కాలువ మీద పలక ఉందో లేదో కనిపించనంతగా నీళ్లు నిలుస్తాయి. ఏప్రిల్ దాటితే పగలంతా కాగిన గోడలు రాత్రి కూడా సెగ విడుస్తూనే ఉంటాయి. చెన్నైలో నవంబరులో పొద్దు 5:40కే గుంకుతుంది, జులైలో 6:35 దాటాలి. ఏడాది పొడవునా ఒకే వేళకు మొదలుపెట్టేవాళ్లయితే, జులైలో మొదటి రెండు కథలు వెలుతురులోనే అయిపోతాయి. అంచేత ఆ నెలలో బయల్దేరే టైము అడిగి తెలుసుకోండి.

డబ్బు కట్టే ముందు అడగాల్సినవి: ఒక గైడుకు ఎంతమంది? పదిహేను దాటితే వెనక వరుసకు కథ అందదు. గుంపు చివర నడవడానికి మరో మనిషి ఉన్నారా? లేకపోతే సందు మలుపులో ఇద్దరు తప్పిపోవడం ఖాయం. వాన పడితే డబ్బు వాపసా, ఇంకో తేదీయా? ఏయే కట్టడాల లోపలికి తీసుకెళ్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబు జాగ్రత్తగా వినండి. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు మామూలుగా సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం వరకే తెరిచి ఉంటాయి. రాత్రి లోపలికి తీసుకెళ్తామని ఎవరైనా అంటే ఏ అనుమతితో అని అడగండి. నిజాయితీగా నడిపేవాళ్లు "వీధిలో నిలబడే కథ చెప్తాం" అని ముందే చెప్పేస్తారు.

కాళ్లకు వేళ్లు కప్పే బూట్లు వేసుకోండి. మనిషికి అరలీటరు నీళ్లు, దోమల మందు, ఒక చిన్న టార్చి చాలు. నడక దారిలో బాత్‌రూం దొరకదు, మెట్రో స్టేషన్‌లోనే చూసుకుని బయల్దేరండి.

ప్రశ్న: పగలు సెయింట్ జార్జి కోట చూపించే టూర్‌కి వెళ్లాం. సెయింట్ మేరీస్ చర్చి ఆవరణలో సమాధి రాళ్ల మీదుగా నడిపించి, తొక్కితే కిందవాళ్లు లేస్తారని గైడు చెప్పారు. మా అబ్బాయికి ఆ రాత్రి నిద్ర లేదు. ఇందులో నిజమెంత?
— ఒక తండ్రి, అంబత్తూరు

జవాబు: మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి: బయట పరిచిన ఆ రాళ్లు వాటి సమాధుల దగ్గర నుంచి ఊడదీసి తెచ్చినవి. ఆ పేర్లవాళ్లు వాటి కింద లేరు.

జరిగింది ఇది. ఇంగ్లీషువాళ్ల పాత శ్మశానం కోట బయట, ఇప్పుడు హైకోర్టు, పాత లా కాలేజీ భవనం ఉన్న వైపు ఉండేది. 1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ కోటను ముట్టడించాడు. 1759 ఫిబ్రవరి దాకా సాగిన ఆ ముట్టడిలో ఫ్రెంచి సైనికులు పెద్ద పెద్ద సమాధుల చాటున నక్కి కోట మీదికి కాల్పులు జరిపారు. మళ్లీ ఎవరికీ ఆ చాటు దొరక్కూడదని తర్వాత ఇంగ్లీషువాళ్లు సమాధుల్ని కూల్చి, పేర్లు చెక్కిన రాళ్లను తెచ్చి చర్చి చుట్టూ పరిచారు. వాటిలో 1652 నాటి ఎలిజబెత్ బేకర్ రాయి కూడా ఉంది. మన దేశంలో మిగిలిన ఇంగ్లీషువాళ్ల శిలాఫలకాల్లో అతి పాతది అదే అంటారు. వంగి చూడండి, అక్షరాల గాడి అరిగి వేలి కొసకు మాత్రమే తెలుస్తుంది.

కూల్చకుండా వదిలేసిన వాటిలో ఒకటి పాత లా కాలేజీ ఆవరణలో నిలువుగా, కొసగా ఉన్న హిన్మర్స్ సమాధి. 1680లో పోయిన జోసెఫ్ హిన్మర్స్‌తో పాటు డేవిడ్ యేల్ అనే పసివాడు కూడా అక్కడే ఉన్నాడు. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయానికి ఎవరి పేరు పెట్టారో, ఆ ఎలైహు యేల్ కొడుకు ఆ పిల్లవాడు. హిన్మర్స్ పోయిన ఏడాదే ఆయన భార్య కేథరిన్‌ను యేల్ పెళ్లాడాడు, అదీ ఇదే చర్చిలో. మరణాన్నీ పెళ్లినీ పసివాణ్నీ కలిపే ఆ ఒక్క రాతి గోపురం దగ్గర ఏ కల్పనా అక్కర్లేదు.

చర్చి లోపలి సంగతి వేరు. అక్కడ నిజంగానే సమాధులున్నాయి. తెలుగువాళ్లు తప్పక నిలబడాల్సింది మద్రాసు గవర్నరుగా చేసిన సర్ థామస్ మన్రో సమాధి దగ్గర. 1827 జులైలో ఆయన పత్తికొండలో కలరాతో పోయారు. ముందు గుత్తిలో పూడ్చి, తర్వాత అస్థికల్ని ఇక్కడికి తెచ్చారు. కడప సీమలో ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. పాపఘ్ని గండి దగ్గర రెండు కొండల నడుమ బంగారు తోరణం వేలాడుతూ ఆయనకు కనిపించిందట. పక్కనున్నవాళ్లకు ఏమీ కనపడలేదట. అది పుణ్యాత్ములకు పోయేముందే కనిపిస్తుందని ఊరివాళ్లు అన్నారని, కొద్దికాలానికే ఆయన పోయారని కథ. గండి ఆంజనేయస్వామి గుడికి వెళ్లే ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరికి ఇది తెలుసు. మీ గైడు చెప్పకపోతే మీరే మీ అబ్బాయికి ఆ సమాధి ముందు చెప్పండి.

కోటలోకి వెళ్లేటప్పుడు గుర్తింపు కార్డు దగ్గరుంచుకోండి. లోపల సైన్యం, సచివాలయం ఉన్నాయి. ఫోటోలు ఎక్కడ తీయవచ్చో అడిగాకే తీయాలి.

ప్రశ్న: గైడు చెప్పింది రికార్డులో ఉన్నదో, అప్పటికప్పుడు అల్లిందో ఎలా తెలుస్తుంది?
— ఒక కాలేజీ విద్యార్థి, తాంబరం

జవాబు: "ఈ కథ మీకు ఎక్కడ దొరికింది?" అని అడగండి. శిలాఫలకం, గెజెటీరు, పాత పత్రిక, ఆ వీధిలోని ఒక పెద్దమనిషి, ఏదో ఒక జవాబు రావాలి. "అందరూ అంటారు" అంటే అది వినికిడి. వినికిడి చెప్పడం తప్పు కాదు, వినికిడి అని చెప్పకపోవడం తప్పు.

ఒక ఉదాహరణ. మద్రాసు హైకోర్టు గేట్లన్నీ ఏటా ఒకసారి, మామూలుగా నవంబరులో, శనివారం రాత్రి నుంచి ఆదివారం రాత్రి దాకా 24 గంటలు మూసేస్తారు. దీనికి దయ్యం కథ అతికించడం చాలా తేలిక. అసలు కారణం చట్టం: ఆవరణలోంచి రోజూ నడిచే జనం "ఇది మా దారి" అని హక్కు అడగకుండా ఏడాదికోసారి దారి మూసి, స్థలం తమదని చాటుకుంటారు. మంచి గైడు ఆ తాళం చూపించి ఈ సంగతే చెప్తారు.

ఇంకో గుర్తు: కథలో తేదీ ఉంటే దాన్ని పట్టుకోండి. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించింది. రేవులో నూనె ట్యాంకులు అంటుకున్నాయి, భయపడి వేలమంది ఊరు విడిచిపోయారు. హైకోర్టు ప్రహరీ దగ్గర దాని ఫలకం ఇప్పటికీ ఉంది. మన పల్లెల్లో గోడల మీద "ఓ స్త్రీ రేపు రా" అని రాశారు, బెంగళూరులో అదే "నాళె బా" అయింది. ఇలాంటి కథకు తేదీ ఉండదు, ఊరు మాత్రం మారుతుంటుంది. రెండూ వినదగ్గవే, కానీ ఒకదాన్ని ఇంకోదాని గొంతుతో చెప్పకూడదు.

ప్రశ్న: మా తెలుగు సంఘం తరఫున పాతికమందితో మేమే ఒక నడక పెట్టుకుందామనుకుంటున్నాం. ఎలా?
— ఒక సంఘం కార్యదర్శి, కొళత్తూరు

జవాబు: పాతికమందిని రెండు జట్లు చేయండి, ఇరవై నిమిషాల తేడాతో బయల్దేరండి. ఒకే గుంపుగా పోతే ప్రతి మజిలీలోనూ వెనకవాళ్లు చేరడానికే మూడు నాలుగు నిమిషాలు పోతుంది.

దారి: హైకోర్టు మెట్రోలో దిగి ప్యారిస్ కార్నర్ కూడలి. అక్కడ డేర్ హౌస్ అనే భవనం దగ్గర 1773 నాటి సరిహద్దు రాయి ఉంది. మొదటి కథ అక్కడే చెప్పండి, ఎందుకంటే మిగతావన్నీ దాన్నుంచే పుడతాయి. ఫ్రెంచివాళ్లు 1746లో మద్రాసు పట్టుకుని 1749లో తిరిగి ఇచ్చారు. తర్వాత ఇంగ్లీషువాళ్లు కోట తుపాకులకు అడ్డు లేకుండా ఉత్తరాన మనవాళ్లు ఉండే నల్లవారి పేటను నేలమట్టం చేశారు. అక్కడి చెన్నకేశవ పెరుమాళ్ గుడిని కూడా 1757లో పడగొట్టారు. దాన్ని తర్వాత దేవరాజ మొదలి వీధిలో మళ్లీ కట్టారు. ఈ రాయికీ కోటకూ నడుమ ఎవరూ ఇల్లు కట్టకూడదని హద్దు వేశారు. ఇవాళ హైకోర్టు నిలబడింది ఆ పోయిన ఊరి మీదే. పిశాచం పేరెత్తకుండానే ఒళ్లు జలదరించే చోటు ఇది. "చెన్నపట్నం" అని మనవాళ్లు పిలిచిన ఊరికి ఈ నేల పుట్టిల్లు.

అక్కణ్నుంచి ఆర్మేనియన్ వీధి. ఆర్మేనియన్ అన్న మాట తమిళుల నోట "అరణ్మనైక్కారన్" అయి, రాజభవనం లేని చోట రాజభవనం వాడి వీధి వెలిసింది. 1772లో తిరిగి కట్టిన ఆర్మేనియన్ చర్చి రాత్రి మూసి ఉంటుంది. గేటు దగ్గరే నిలబడి చెప్పండి: 1794లో ప్రపంచంలోనే మొదటి ఆర్మేనియన్ పత్రిక "అజ్దరార్" మద్రాసులో అచ్చయింది, దాన్ని నడిపిన ష్మవోనియన్ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. లోపల చూడాలంటే ఇంకోరోజు పగలు రండి. అక్కణ్నుంచి తంబుచెట్టి వీధి పట్టుకుని మణ్ణడి మెట్రో దగ్గర ముగించండి. కిలోమీటరున్నర లోపే.

లెక్క: ఏడు మజిలీలు, ఒక్కోటి ఏడు నిమిషాలు, మొత్తం 49. నడకకు అరగంట, వీధి దాటడానికీ ఆగడానికీ పది. గంటన్నర. అంతకు మించితే పెద్దవాళ్లకు మోకాళ్లు, పిల్లలకు కళ్లు వాలిపోతాయి. మొదటి మజిలీ పావుగంట లాగితే చివరి కథ కొట్టుకుపోతుంది. తరచూ జరిగే పొరపాటు ఇదే.

ఒక వారం ముందు అదే రోజున, అదే వేళకు ఒకసారి నడిచి చూడండి. పలక లేని కాలువలు, కుక్కలు గుంపుగా ఉండే మూల, జనరేటర్ మోత వచ్చే గోడ కాగితం మీద రాసుకోండి. మూటలు మోసేవాళ్లు షట్టర్ల ముందు అరుగుల మీద పడుకుని ఉంటారు. వాళ్ల ముందు ఆగకండి, వాళ్ల మొహాల మీద టార్చి వేయకండి. అది వాళ్ల పడకగది. చెప్పేవారు గోడకు వీపు ఆనించి నిలబడితే, గుంపు అర్ధచంద్రాకారంలో చుట్టూ చేరితే మైకు లేకుండానే పదిహేనుమందికి వినపడుతుంది. లౌడ్ స్పీకరుకు పోలీసు అనుమతి కావాలి, రాత్రి 10 తర్వాత అసలు కుదరదు. స్థానిక స్టేషన్‌లో తేదీ, వేళ, దారి రాసి ఒక ఉత్తరం ఇచ్చి ఉంచండి.

ప్రశ్న: మా అత్తగారు అమావాస్యనాడు వద్దంటున్నారు. గాలి సోకుతుందంటారు. ఎనిమిదేళ్ల పాప కూడా వస్తానంటోంది.
— ఒక పాఠకురాలు, టి.నగర్

జవాబు: అత్తగారి మాట వినండి. వెన్నెల లేని రాత్రి ఆ సందుల్లో గుంతలు కనపడవు. ఆ ఒక్క కారణం చాలు తేదీ మార్చుకోవడానికి. ఆవిడను కూడా వెంట తీసుకెళ్తే మరీ మంచిది, కొరివి దయ్యం కథ గైడుకంటే ఆవిడకే బాగా వచ్చి ఉంటుంది. పాప విషయంలో, ఉరి, హత్య కథలు ఉంటాయా అని నిర్వాహకుల్ని ముందే అడగండి. ఉంటాయంటే పదేళ్లు దాటాక చూద్దాం.

ప్రశ్న: నడకలో ఒక పాత మిద్దె ముందు ఆగినప్పుడు పైన ఎవరో నడిచినట్టు చప్పుడైంది. ఇంట్లో ఎవరూ లేరట. ఫోటోలో తెల్లటి గుండ్రటి చుక్కలు కూడా పడ్డాయి.
— ఒక పాఠకుడు, వడపళని

జవాబు: ఆ మిద్దెల పైకప్పును మద్రాస్ టెర్రస్ అంటారు. టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా మూరెడు దూరానికో వాసం, వాటిపై పలచటి ఇటుకలు సున్నంలో ఏటవాలుగా నిలబెట్టి, ఆ పైన ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు, చివర పెంకు బిళ్లలు. పగలు కాగిన కలప రాత్రి చల్లబడి ముడుచుకుంటుంది. సున్నపు పొర అంత త్వరగా చల్లబడదు. ఆ రెండూ ఒరుసుకునే చోట టక్కుమంటుంది, కాసేపాగి పక్క దూలం. అందుకే అడుగులేస్తున్నట్టు ఉంటుంది. మానుపిల్లులు కూడా ఇలాంటి కప్పుల్లో కాపురం ఉంటాయి, వాటి నడక ఇంకా మెత్తగా, వేగంగా వినిపిస్తుంది.

చుక్కల సంగతి: ఫోనులో ఫ్లాష్, లెన్స్ పక్కపక్కనే ఉంటాయి. లెన్స్‌కు జానెడు దూరంలో తేలే దుమ్ము, వాన తుంపర ఫ్లాష్‌కు మెరిసి, ఫోకస్ అందక గుండ్రంగా విచ్చుకుంటుంది. ఫ్లాష్ ఆపేసి, ఫోనును గోడకు ఆనించి నైట్ మోడ్‌లో తీయండి.

ప్రశ్న: దయ్యాలుంటాయని చెప్పుకునే డి మోంటే కాలనీకీ, అడయారు విరిగిన వంతెనకూ అర్ధరాత్రి వెళ్లవచ్చా?
— ముగ్గురు స్నేహితులు, వేళచ్చేరి

జవాబు: వెళ్లొద్దు. మొదటిది ప్రైవేటు స్థలం, గోడ దూకితే అతిక్రమణ కేసు. రెండోది 1967లో కట్టగా 1977 వరదకు తెగిపోయింది, కొస దగ్గర అడ్డుగోడ లేదు, కింద నది సముద్రంలో కలిసే చోటు. అమావాస్య, పౌర్ణమి రెండింటికీ పోటు ఎక్కువ. చూడాలనుంటే పొద్దున ఆరింటికి బీచి వైపు నుంచి దూరంగా చూడండి, జాలర్లు వలలు సర్దుకుంటూ ఉంటారు, తెగిన చోటు అక్కడి నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.