రెసిడెంట్ ఈవిల్ 6: బుల్లెట్లు ఊరికే అయిపోతున్నాయా?

బ్రో, లియోన్ క్యాంపెయిన్ (లియోన్ అనే హీరోతో ఆడే కథ) మొదట్లోనే బుల్లెట్లు అయిపోయి, తన్నబోతే మనిషి ఆయాసపడి నిలబడిపోతున్నాడు, ఆపేయనా అని అడిగావు కదా, ఆపకు, తప్పు నీది కాదు, 2012లో వచ్చిన ఈ గేమ్ తన అసలు కంట్రోల్స్ నీకు సరిగ్గా నేర్పదు.

హెల్త్ కింద చిన్న గడులుంటాయి చూడు, అది స్టామినా. తన్నినా, క్విక్ షాట్ కొట్టినా అది ఖర్చవుతుంది, మొత్తం ఖాళీ అయితేనే ఆయాసం, కాబట్టి చివర్లో కొంచెం మిగుల్చుకో. ఎయిమ్, ఫైర్ బటన్లు రెండూ ఒకేసారి నొక్కితే క్విక్ షాట్ పడుతుంది, జాంబీ తూలిపోతుంది, వెంటనే దగ్గరికెళ్లి మెలీ (గన్ లేకుండా చేత్తో, కాలితో దెబ్బ) కొట్టు. ఒక్క బుల్లెట్‌తో పని అయిపోద్ది, తలకి గురిపెట్టి నాలుగైదు బుల్లెట్లు కాల్చక్కర్లేదు. చుట్టుముడితే ఎయిమ్ పట్టుకునే వెనక్కి డాడ్జ్ చెయ్ (దూకి తప్పించుకో), వెల్లకిలా పడి అలాగే కాల్చొచ్చు, నాకైతే ఈ సిరీస్‌లో ఇంత మంచి ఫైటింగ్ ఇంకెక్కడా లేదు.

హెల్త్ పెంచే గ్రీన్ హెర్బ్ (ఆకు మందు) ఒక్కటే వాడేయకు, రెడ్ హెర్బ్‌తో కలిపితే ఆరు హెల్త్ ట్యాబ్లెట్లొస్తాయి. కొత్త స్కిల్స్ కొనుక్కునే స్కిల్ పాయింట్లు కూడా దాచుకోకుండా ఖర్చుపెట్టు.

ఇది హారరా కాదా అని పన్నెండేళ్ల పైనుంచి కొట్టుకుంటూనే ఉన్నారు, భయం తక్కువే, ఒప్పుకుంటా, ఇంకో హీరో క్రిస్ క్యాంపెయిన్ అయితే దాదాపు యుద్ధం గేమే. అందుకే లియోన్‌ది ముందు పూర్తిచెయ్, తర్వాత మెర్సినరీస్ మోడ్‌లో (టైమ్ లోపు శత్రువుల్ని చంపే విడి మోడ్) ఈ డాడ్జ్‌లన్నీ చేతికి పట్టేదాకా ఆడు, క్రిస్ దగ్గరికి ఆ తర్వాతే వెళ్లు.