పొద్దు వాలకముందే చోటు చూసుకో, చిట్టీ

చిట్టీ,

ఉగాదికి శ్రీశైలం నడిచి పోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ ముక్క చెప్పి ఊరుకున్నాడు. ఎందుకు ఊరుకున్నాడో నాకు తెలుసు. నాకైతే ముందు సంతోషమే కలిగింది. మన ఇంట్లో నా తర్వాత ఆ దారి పట్టిన ఆడపిల్లవి నువ్వే. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు, అందుకే లేచి కూర్చుని ఇది రాస్తున్నా.

కొత్త చెప్పులు వేసుకోకు. ఎండ ముదరకముందే నడువు. ఆధార్ కార్డు పెట్టుకో. ఇవన్నీ నీకు తెలిసినవే. రాత్రికి బస ఎక్కడని మీ నాన్న అడిగితే "మ్యాప్‌లో చూసుకుంటాంలే" అన్నావట. ఆ మాటకు నాకు కోపం వచ్చింది.

కర్నూలు నుంచి ఆత్మకూరు దాకా టెన్షన్ లేదు. గార్గేయపురం, నందికొట్కూరు, జూపాడుబంగ్లా, పాములపాడు, అన్నీ రోడ్డు మీది ఊళ్లే. గుడి మండపమో, బడి వరండానో దొరుకుతుంది. ఊళ్లో అడుగు పెట్టగానే పూజారినో, అన్నదానం పందిట్లో వడ్డించేవాళ్లనో "మల్లన్న దగ్గరికి పోతున్నాం, ఆడవాళ్లు పడుకునే చోటు ఎక్కడ?" అని అడుగు. అడగడానికి నామోషీ పడకు. బాత్రూమ్ ఎక్కడుందో వెలుతురు ఉండగానే చూసుకుని, ఆ తర్వాతే దుప్పటి పరుచు. ఎంత అలసిపోయినా రోడ్డు వారన పడుకోవద్దు, రాత్రిపూట లారీలు తిరుగుతాయి.

వెంకటాపురం దాటితే నల్లమల అడవి. పెద్దపులులు తిరిగే చోటు. శివరాత్రికీ ఉగాదికీ కొన్ని రోజులే అటవీ శాఖ వాళ్లు ఆ దారిన మనుషులను పోనిస్తారు. అక్కడ ఊళ్లుండవు. నాగలూటి వీరభద్రస్వామి గుడి, ఆ తర్వాత చెంచుగూడెం ఉన్న పెచ్చెరువు. రాత్రి బస అంటే ఈ రెండే అనుకో. ఈ రెంటి మధ్య నేనొక రాత్రి గడిపాను.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు, మీ నాన్నకు పన్నెండు. మా వీధివాళ్లతో కలిసి పోయాం. మధ్యాహ్నం తిరిగాక నాగలూటి చేరేసరికి గుడి నిండా జనం. పొయ్యిల పొగ, చెమట వాసన, పిల్లల ఏడుపు. మావాళ్లు ఈ రాత్రికి ఇక్కడే అన్నారు. మండపంలో ఓ మూల కన్నడ ఆడవాళ్లు వరసగా పడుకుని ఉన్నారు. వాళ్లలో ఒక ముసలామె తన దుప్పటి ముడుచుకుని, ఇద్దరికి సరిపోయే చోటు చేసి "బా మగళే, ఇల్లి మలగు" అని పిలిచింది. చేత్తో నేల తట్టి మరీ చూపించింది. నేను పోలేదు. వాళ్ల భాష మనకు రాదు, ఇంత ఇరుకులో ఎవరి పక్కనో పడుకోవడమేమిటి అనుకున్నా. అప్పుడే నలుగురైదుగురు కుర్రాళ్లు పెచ్చెరువుకు బయలుదేరారు. మావాళ్లతో ఒక్క మాటైనా చెప్పకుండా, మీ నాన్న చెయ్యి పట్టుకుని వాళ్ల వెంట పడ్డాను.

గంట గడవకముందే కుర్రాళ్లు కనుచూపు దాటిపోయారు. వాడికి కాళ్లు బొబ్బలెక్కాయి. చీకటి పడింది. టార్చి వెలుగు ఎర్రగా మారి ఆరిపోయింది. వెనక్కి పోదామంటే దారి ఏదో తెలియలేదు. ఒక బండకు ఆనుకుని కూర్చుని వాణ్ణి ఒళ్లో పెట్టుకున్నా. సీసాలో రెండు గుక్కల నీళ్లు మిగిలితే వాడికే తాగించాను. నడిరాత్రికి వాడి ఒళ్లు కాలిపోతోంది. ఎండుటాకుల మీద ఏదో నడిచింది. ఆగింది. మళ్లీ నడిచింది. అదేమిటో ఇప్పటికీ నాకు తెలియదు. నేను వాడి నోటికి చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నా. అది పోయాక వాడు నెమ్మదిగా "అక్కా, ఆ అవ్వ పిలిచింది గదా" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది చిట్టీ.

తెల్లారుతుండగా గంటల చప్పుడు, పాట వినిపించాయి. కన్నడ బృందం వస్తోంది. అందరికంటే ముందు ఆ ముసలామే. మమ్మల్ని చూసి ఒక్క మాట కూడా తిట్టలేదు. చెంబుతో వాడికి నీళ్లు పట్టింది, జొన్నరొట్టె తుంచి శనక్కాయల పొడి అద్ది నోట్లో పెట్టింది. భ్రమరాంబ వాళ్లకు ఆడపడుచు. ఆమెకు సారె మూట కట్టుకుని అంత దూరం నుంచి నడిచి వస్తారు. ఆ మూట మీదే వాడి తల ఆనించింది. ఆ రాత్రి పెచ్చెరువులో ఆమె పక్కనే పడుకున్నాం. తర్వాత భీముని కొలను లోయ దిగి, "చేదుకో మల్లన్నా" అంటూ మెట్లెక్కి కైలాస ద్వారం చేరేదాకా ఆమె వాడి చెయ్యి వదల్లేదు. ఆమె పేరు కూడా నేను అడగలేదు.

అందుకే చెబుతున్నా. నాగలూటికి మధ్యాహ్నం దాటాక చేరితే అక్కడే ఆగిపో. పెచ్చెరువులోనూ అంతే. ఎంత ఇరుకైనా, పొగైనా, పక్కవాళ్లు గురక పెట్టినా సరే. నీ ఫ్రెండ్స్‌లో ఒక్కరు ముందుకు పోదామన్నా ఒప్పుకోకు. పిరికిదానివంటే అననీ. అడవిలో ఫోన్ పనిచేయదు, నాతో చెప్పుకోవడానికి కూడా కుదరదు.

శ్రీశైలంలో దేవస్థానం సదన్‌లు, కులాల సత్రాలు చాలా ఉన్నాయి కానీ ఉగాదికి ఒక్క గది ఖాళీ ఉండదు. ఇవాళే బుక్ చేయి. దొరక్కపోతే దేవస్థానం వేసే చలువ పందిట్లో పడుకో, పది మందిలో ఉంటావు.

నా పాత ఉన్ని దుప్పటి ఉతికి ఎండబెట్టి మీ నాన్నకు ఇచ్చి పంపుతున్నా. పెద్దది, ఇద్దరికి సరిపోతుంది. నాగలూటి మండపంలో పరిచేటప్పుడు పక్కన ఇంకొకరికి చోటు ఉంచు.

మీ అత్త