కిరాణా కొట్టుకి బిల్లింగ్ మిషన్

ప్రశ్న: తెనాలిలో మాది చిన్న కిరాణా కొట్టు. బిల్లింగ్ పెట్టాలంటే కంప్యూటర్ కొనాల్సిందేనా అండీ?

జవాబు: అక్కర్లేదండీ. మీ ఫోన్‌లో బిల్లింగ్ యాప్, బ్లూటూత్‌తో నడిచే రెండంగుళాల థర్మల్ ప్రింటర్ (వేడితో అచ్చువేసేది) చాలు, దానికి ఇంకు ఖర్చు కూడా ఉండదు, కాకపోతే ఆ కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోతాయి కాబట్టి అరువు లెక్కలు మాత్రం ఆ చీటీలను నమ్ముకుని పెట్టుకోకండి. అసలు చాకిరీ అంతా యాప్‌లో సరుకుల పేర్లు, ధరలు ఎక్కించడంలోనే. సబ్బులు, బిస్కెట్ల మీద బార్‌కోడ్ ఎలాగూ ఉంటుంది. కందిపప్పు, బెల్లం లాంటి విడి సరుకులకి కిలో ధర వేసి మీరే చిన్న నంబరు పెట్టుకోవాలి, 11 కొడితే కందిపప్పు వచ్చేట్టు. ముందు రోజూ బాగా పోయే సరుకులే ఎక్కించండి. జీఎస్టీ కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద కొద్ది శాతం పన్ను తామే కట్టే పద్ధతి) ఉంటే బిల్లులో పన్ను విడిగా వేయకూడదు, ఆ సెట్టింగ్ మొదటి రోజే చూసుకోండి.